అందరికీ సున్నా పాయింట్ రెండు వచ్చిన కేసు

నేరం అన్నాక కాస్తో కూస్తో గుట్టు ఉంటుంది. ఉప్పుగుంటపాలెం ప్రభుత్వ బాలికల జూనియర్ కాలేజీలో జరిగిన నేరానికి ఆ పాటి మర్యాద కూడా లేకపోయింది. పట్టపగలు, ఇన్విజిలేటర్లు చూస్తుండగా, సీనియర్ ఇంటర్ ఆడపిల్లలు ముప్పై ఎనిమిది మందీ కెమిస్ట్రీ పేపర్లో ఒక లెక్కకు ఒకే జవాబు రాశారు. పైగా ఆ జవాబు సరైనది. ఈ రెండో సంగతి కేసును మరీ చిక్కుల్లో పడేసింది.

లెక్క ఇదీ: 5.85 గ్రాముల ఉప్పును నీళ్లలో కరిగించి అర లీటరు ద్రావణం తయారుచేస్తే దాని మొలారిటీ, అంటే గాఢత, ఎంత? చేసుకుంటూ పోతే 0.2 వస్తుంది. నిన్న చేసినా అంతే, రేపు చేసినా అంతే, అక్క చేసినా చెల్లెలు చేసినా అంతే వస్తుంది. రసాయన శాస్త్రంలో ఉన్న పెద్ద లోపం అదే.

ఆ లోపాన్ని కనిపెట్టిన ఘనత రాష్ట్ర పరీక్షా పవిత్రతా మండలిది. అంతకు ముందు ఏడు ఎక్కడో ఒక సెంటర్లో గోడ అవతలి నుంచి ఎవడో మైకు పట్టుకొని జవాబులు చదివాడు. మధ్యలో వాడికి దాహమేసి "ఒరే, ఆ నీళ్ల సీసా ఇటియ్యి" అన్నాడు. లోపలున్న పిల్లలంతా ఆ వాక్యాన్ని కూడా ఒద్దికగా జవాబు పత్రాల్లో రాసుకున్నారు. పేపర్లవాళ్లు ఏకిపారేశారు. ప్రభుత్వానికి తల కొట్టేసినట్టయింది. అప్పుడు పుట్టిందే మండలి. పుట్టీ పుట్టగానే అది ఒక మిషను కొన్నది. జవాబు పత్రాలన్నీ దాని నోట్లో పెడితే ఏ సెంటర్లో ఎందరు ఒకే జవాబు రాశారో చెబుతుంది. నాలుగో వంతుకు మించి ఒకే జవాబు రాస్తే ఆ సెంటర్లో సామూహిక కాపీయింగ్ జరిగినట్టు "భావించబడును" అని నియమం. లెక్కల్లో అందరికీ ఒకే జవాబు వస్తుంది కదా అని అడగడానికి మండలిలో ఒక లెక్కల మాస్టారు ఉండనే ఉన్నాడు. కాకపోతే మీటింగు రోజున ఆయన్ని భోజనాల ఏర్పాట్లు చూడమన్నారు.

ఫలితాలొచ్చిన రోజు కెమిస్ట్రీ లెక్చరర్ తిలోత్తమ ఫోన్లో ఒక్కో హాల్ టికెట్ నంబరూ కొట్టి చూసింది. ఏది కొట్టినా ఒకటే మాట: విత్‌హెల్డ్. ముందు నెట్టు బాగాలేదనుకుంది. తర్వాత తన కళ్లు బాగాలేవనుకుంది. ఆమె ఆ కాలేజీలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏటా జూన్‌లో ప్రభుత్వం ఆమెను మళ్లీ పుట్టించాలి. ఆ పుట్టుక ఫలితాల మీదే ఆధారపడి ఉంటుంది.

ఆమె తన గురించి ఆలోచించడం పూర్తికాకముందే మస్తానమ్మ వచ్చింది. ఉప్పు కొఠార్ల నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మడమలు తెల్లగా పగిలి ఉన్నాయి. ఆ ఊళ్లో ఎండాకాలం సెలవులంటే పిల్లలు ఉప్పు మళ్లలో పారలు పట్టడమే. మస్తానమ్మకు ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలో సీటు దాదాపు ఖాయమైంది. మార్కుల మెమో చూపించి చేరడమే మిగిలింది.

"మేడం, విత్‌హెల్డ్ అంటే ఫెయిలా?"

"కాదమ్మా."

"పాసా?"

"అదీ కాదు."

"మరేంది మేడం? ఇరవై రెండో తేదీ లోపల మెమో చూపియ్యాలంట. లేకపోతే సీటు వేరేవాళ్లకు ఇస్తారంట. మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు."

"నేను కనుక్కుంటా, నువ్వు ఇంటికి పోయి అన్నం తిను" అంది తిలోత్తమ. ఆ పిల్ల పోలేదు. వరండాలో గోడకానుకొని నిలబడింది.

ప్రిన్సిపాల్ హజరత్తయ్య గారి చేతిలో అప్పటికే ఇంకో రకం మెమో ఉంది, సంజాయిషీ అడుగుతూ మండలి పంపింది. ఆగస్టులో రిటైరవబోతున్నాడాయన. ఆ లోపల ఫ్యాను ఊడి పడినా నెత్తిన భరించడానికే సిద్ధంగా ఉన్నాడు గానీ మెమోకు సిద్ధంగా లేడు.

"ఏందమ్మా ఇది? ఒక్కర్తయినా తప్పు రాయలేదా?"

"రాయలేదు సార్."

"ముప్పై ఎనిమిది మందిలో ఒక్కర్తికి కూడా తల తిరగడం, చెయ్యి వణకడం, ఇట్టాంటిదేమీ జరగలేదా?"

"లేదు సార్. ఏడాదంతా ఆ ఒక్క లెక్క మీదే కూర్చోబెట్టాను. 'ముందు ఉప్పు, తర్వాత గీత దాకా నీళ్లు' అని నిద్రలో లేపినా చెబుతారు."

"అదే ఇక్కడ రాశారు" అని ఆయన మెమో తిప్పి చూపించాడు. "అందరి పేపర్లలోనూ 'గీత దాకా' అనే మాట దొరికిందంట. ఇది 'నీళ్ల సీసా' కేసును పోలియున్నది అంటున్నారు. ఎంత పని చేశావు తల్లీ. నీకు ముందున్నాయన పదేళ్లు పనిచేశాడు, ఒక్క బ్యాచ్‌కూ ఒక్క లెక్కా రాలా. ఒక్క మెమో కూడా రాలా."

తిలోత్తమకు ఒళ్లు మండింది. పాఠం బాగా చెప్పినందుకు తిట్లు తినాల్సి వస్తుందని బీయీడీలో ఎవరూ చెప్పలేదు. పక్క టౌన్లో ఉన్న జయకేతనం కాలేజీ ఫలితాలు ఏమయ్యాయని అడిగింది. ఆ కాలేజీ సంగతి జిల్లా అంతా ఎరుగుదురు. అక్కడ స్లిప్పులు రాయడానికి ప్రత్యేకంగా స్టాఫ్ ఉంటారు.

"వాళ్లకేం, మండలి వాళ్లే అభినందించారు. అదే లెక్కకు 0.002 నుంచి 200 దాకా అన్ని రకాల జవాబులూ వచ్చాయంట. ఒక పిల్లోడు 0.2 కిలోమీటర్లు అని రాశాడంట. ఈసారి హాల్ టికెట్ నంబరు ప్రకారం ఒక్కొక్కరికీ ఒక్కో రకం స్లిప్పు అందించారని చెప్పుకుంటున్నారు. ఆ కష్టం వాళ్లది" అన్నాడు హజరత్తయ్య, కొంత గౌరవంగానే.

వారం తిరక్కుండానే విచారణకు మండలి నుంచి డాక్టర్ నిత్యకల్యాణరావు గారు వేంచేశారు. ఆయన హోదా సంయుక్త సంచాలకులు, బ్రాకెట్లో వైవిధ్యం. ఏ విషయంలో డాక్టరో అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఆయన వెంట ఇద్దరు అధికారులున్నారు. ఒకాయన పొడుగు, ఒకాయన కళ్లజోడు. రాగానే కొబ్బరి నీళ్లు తాగి, స్టాఫ్ రూములో బల్ల వేయించుకొని, మొదట మస్తానమ్మను పిలిపించారు.

"చూడమ్మా, నిర్భయంగా చెప్పు. నీకు 0.2 అనునది ఎవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా సార్. వచ్చింది."

"ఎచ్చట నుండి వచ్చింది?"

"చేస్తే వచ్చింది సార్."

"నీ వెనుక కూర్చున్న అమ్మాయికి కూడా అదే వచ్చినదని నీకు తెలియునా?"

"తెలవదు సార్. రాకపోతే ఆమెది తప్పవుద్ది గదా."

నిత్యకల్యాణరావు గారు పొడుగు అధికారి వైపు అర్థవంతంగా చూశారు. పొడుగు అధికారి ఏదో రాసుకున్నాడు. "వ్యవస్థీకృతంగా ఉన్నది" అన్నారు సంచాలకులవారు.

ఇంకో పదిమందిని పిలిచి అడిగారు. అందరూ ఒకే సమాధానం చెప్పారు. ఈ ఏకాభిప్రాయం కూడా విచారణ నివేదికలో నేరానికి అదనపు సాక్ష్యంగా నమోదైంది. తిలోత్తమ ఇక ఆగలేకపోయింది.

"సార్, ఒక్కసారి ల్యాబ్‌లోకి రండి. మీరే ఉప్పు తూచండి, మీరే ద్రావణం చేయండి. ఎంత వస్తుందో మీ చేతులతోనే చూడండి. తర్వాత ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను."

ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత చాలా రోజులు తన్ను తాను తిట్టుకుంది. సంచాలకులవారికి మాత్రం ప్రతిపాదన నచ్చింది. కోటు విప్పి కుర్చీకి తగిలించారు.

ముగ్గురు అధికారులూ తలా 5.85 గ్రాముల ఉప్పు తూచుకున్నారు. నిత్యకల్యాణరావు గారు తూచిన దాంట్లో పావు వంతు బల్ల మీద ఒలికింది. తిలోత్తమ చూపిస్తే "అల్పాంశములు ఉపేక్షించదగినవి" అని నీళ్లు పోసేశారు. పొడుగు అధికారి డిస్టిల్డ్ వాటర్ అనే మాటను నమ్మేరకం కాదు. తిన్నగా కుళాయి దగ్గరికి పోయి పట్టుకొచ్చాడు. ఆ ఊరి బోరు నీళ్లు తాగితే మనిషికి వేరే ఉప్పు అక్కర్లేదు. కళ్లజోడు అధికారి బీకరు మీద గీత దాకా పోసి, ఇంకా ఖాళీ కనబడుతోంది గదా అని అంచు దాకా నింపాడు. సగంలో ఆపడం తన స్వభావం కాదన్నాడు.

తిలోత్తమ పళ్లు బిగబట్టి, బీరువాలో దాచుకున్న సిల్వర్ నైట్రేట్ తీసి ముగ్గురి ద్రావణాలనూ పరీక్షించింది. చుక్క చుక్కగా పోసి, ఇటుక రంగు తిరిగిన చోట ఆపి, ఉప్పు ఎంతుందో లెక్క కట్టింది. సంచాలకులవారికి 0.15 వచ్చింది. పొడుగాయనకు 0.23 వచ్చింది. కళ్లజోడాయనకు 0.17 వచ్చింది.

అధికారులు సిగ్గుపడతారని తిలోత్తమ అనుకుంది. పాపం, ఆమెకు ప్రభుత్వంతో పరిచయం తక్కువ.

"చూశారా" అన్నారు నిత్యకల్యాణరావు గారు మెల్లగా. ఆయన గొంతు గద్గదమైంది. "ముగ్గురము విద్యాధికులము. ముగ్గురము నిజాయితీపరులము. ఒకరిది ఒకరు చూడలేదు. మూడు భిన్నమైన జవాబులు సాధించితిమి. నిజాయితీగా పనిచేసినచో ఫలితము ఈ విధముగా ఉండును. ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలకు ఒకే ఫలితము వచ్చినదనగా, అక్కడ నిజాయితీ లోపించినదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?"

"సార్, మీరు ఉప్పు ఒలకబోశారు."

"అది నా వైవిధ్యము" అన్నారాయన.

పోతూ పోతూ మిషను గొప్పతనం కూడా సెలవిచ్చారు. "మనుషుల వలె దానికి బంధుప్రీతి లేదు. అది అర్థముల జోలికి పోదు. అక్షరము మాత్రమే చూచును. అక్షరము ఒకటైనచో జవాబు ఒకటి. అక్షరము మారినచో జవాబు మారినట్లే."

నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మండలి దయతలచి పిల్లలను డీబార్ చేయడం లేదు. పందొమ్మిదో తేదీన అదే కాలేజీలో, అదే లెక్కకు మళ్లీ పరీక్ష. ఈసారి నాలుగో వంతు మందికి మించి ఏ జవాబునూ వాడరాదు. సరైన జవాబు విషయంలోనూ ఈ పరిమితి వర్తించును. సరైన జవాబుకూ, నిజాయితీగల తప్పుకూ సమానంగా మార్కులు ఇవ్వబడును. పరిమితి దాటినచో అందరూ ఫెయిలైనట్లు భావించబడును.

హజరత్తయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకేం తల్లీ, గండం గట్టెక్కినట్టే. చీటీలు తీద్దాం. తొమ్మిది మందికి 0.2 ఇద్దాం. మిగతావాళ్లకు 0.4, 0.1, 0.02, ఏదో ఒకటి సర్దు. మార్కులు ఎటూ సమానమే గదా."

రంజాన్ చందాల డబ్బాలో చీటీలు వేసి కలిపారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. 0.2 వచ్చినవాళ్లు లాటరీ తగిలినట్టు మొహాలు పెట్టారు. మస్తానమ్మకు 0.4 వచ్చింది.

ఆ మర్నాడు తిలోత్తమ జీవితంలో మొదటిసారి తప్పు పాఠం చెప్పింది. 0.4 ఎలా వస్తుంది? ఐదొందలను రెండొందల యాభై అని చదవాలి. 0.1 ఎలా వస్తుంది? నీళ్లు లీటరు అనుకోవాలి. 0.02 కావాలంటే చుక్కను ఒక అంకె పక్కకు జరిపి ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. నిజాయితీగల తప్పు కాబట్టి తప్పుకు దారి కూడా చూపించాలి మరి. ఏడాదంతా నెత్తీనోరూ కొట్టుకొని చెప్పించింది ఒక్క పూటలో తన చేత్తోనే చెరుపుతున్నందుకు ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది. బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

పిల్లలకు కూడా చేతకావడం లేదు. 0.02 వచ్చిన అమ్మాయి మూడుసార్లు చేసింది, మూడుసార్లూ పొరపాటున 0.2 తెచ్చింది. "అలవాటైపోయింది మేడం, చెయ్యి అటే పోతుంది" అంది దోషిలాగా.

మస్తానమ్మ చీటీని మడిచి విప్పి, మడిచి విప్పి, లేచి నిలబడింది.

"మేడం, నేను రాయలేను."

"రాయమ్మా. సీటు కావాలా వద్దా?"

"కావాల. కావాలనే చెప్తున్నా. రేప్పొద్దున నేను నర్సునైతే సూది మందుకు కూడా చీటీ తియ్యాల్నా మేడం?"

క్లాసంతా ఆమె మొహం వైపే చూస్తోంది. మస్తానమ్మ కూర్చోలేదు.

"అర కిలో అన్నా ఐదొందల గ్రాములన్నా ఒకటే గదా మేడం. మా నాయన ఒక తీరు చెప్తాడు, అంగడాయన ఒక తీరు చెప్తాడు, తూకం మారదు. ఆ సారు ఏమన్నాడు? మిషను అక్షరమే చూసుద్ది అన్నాడు గదా."

తిలోత్తమ సుద్దముక్క కింద పెట్టింది. ఒక్క క్షణం ఆలోచించింది. మళ్లీ తీసుకొని బోర్డంతా తుడిచేసి, నడి మధ్యలో 0.2 అని రాసి, "దీన్ని ఇంకా ఎన్ని రకాలుగా రాయొచ్చో చెప్పండి" అంది.

అంతే, క్లాసు క్లాసంతా లేచింది. ఒకర్తి ఒకటి బై ఐదు అంది. ఒకర్తి రెండు బై పది అంది. ఒకర్తి ఇరవై బై వంద, ఒకర్తి రెండొందల మిల్లీమోలార్, ఒకర్తి లీటరుకు 11.7 గ్రాములు అంది. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల "సున్నా పాయింట్ రెండు అని అక్షరాల్లో రాస్తా మేడం" అంది. సాయంత్రం బెల్లు కొట్టే లోపల ముప్పై ఎనిమిది మందికీ ముప్పై ఎనిమిది తీర్లు దొరికాయి. ఈ సంగతి హజరత్తయ్యకు చెప్పలేదు. రిటైరయ్యే ముందు ఆయన గుండెకు అంత పని పెట్టడం భావ్యం కాదని తిలోత్తమ అనుకుంది.

పరీక్ష రోజు ఎండ మండిపోయింది. ఆ ఊళ్లో మేలో మధ్యాహ్నం ఉప్పు మళ్ల మీద నుంచి కొట్టే వేడికి కాకులు కూడా బయటికి రావు. నిత్యకల్యాణరావు గారు మాత్రం పవిత్రత కోసం కోటు విప్పకుండా కాలేజీ చుట్టూ స్వయంగా ప్రదక్షిణ చేశారు. గోడ అవతల మైకు ఉందేమోనని అనుమానం. పిల్లలు రాసి, పేపర్లు కట్టి ఇచ్చి వెళ్లాక, జీపు ఎక్కబోతూ మెట్టు మీదే కూలబడ్డారు. వడదెబ్బ. ఏరియా ఆసుపత్రికి తీసుకుపోయి సెలైన్ పెట్టారు.

పేపర్లు ఆ సాయంత్రమే మిషను తిన్నది. మర్నాడు రిపోర్టు వచ్చింది. ముప్పై ఎనిమిది మంది, ముప్పై ఎనిమిది జవాబులు, వైవిధ్యం నూటికి నూరు. ఫలితాలు విడుదల చేయడానికి సంచాలకులవారి సంతకం ఒక్కటే కావాలి. సంచాలకులవారు పడక దిగే స్థితిలో లేరు. ఇరవై ఒకటో తేదీ సాయంత్రం హజరత్తయ్య ఫైలు చంకన పెట్టుకొని, తిలోత్తమను తోడు తీసుకొని ఆసుపత్రికి వెళ్లాడు. తెల్లారితే మస్తానమ్మ గడువు ఆఖరు. ఆ పిల్ల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని వాళ్ల వెనకే వచ్చి వార్డు బయట కూర్చుంది.

నిత్యకల్యాణరావు గారు మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నారు. కుడి చేతికి సూది. స్టాండుకు వేలాడే సీసాలో అడుగున నాలుగు చుక్కలున్నాయి. రిపోర్టు చూసి ఆయన మొహం విప్పారింది.

"నూటికి నూరు. మండలి చరిత్రలో ఇదే ప్రథమము. అధ్యక్షులవారికి మధ్యాహ్నమే ఫోనులో విన్నవించితిని. మంత్రిగారి ప్రసంగములో కూడా చేర్చుచున్నారు." ఎడమ చేత్తో పేపర్లు తిప్పుతూ ఉన్నట్టుండి ఆగారు. "తిలోత్తమ గారూ, ఒక్క ధర్మసందేహము. ఒకటి బై ఐదు, ఇరవై బై వంద, రెండు వందల మిల్లీ... ఇవన్నియు పరస్పరము భిన్నములే కదా?"

హజరత్తయ్య ఏమీ తెలియక నవ్వుతూ నిలబడ్డాడు. తిలోత్తమ నోరు తెరిచే లోపల నర్సు కరుణమ్మ కొత్త సీసా పట్టుకొని వచ్చింది. పాతది తీసి కొత్తది తగిలిస్తుంటే సంచాలకులవారు లేబుల్ చదివారు. చదివి ఒక్క అరుపు అరిచారు.

"ఆగుము. పాత సీసా మీద 0.9 అని ఉండెను. దీని మీద 9 అని ఉన్నది. పది రెట్లు. నన్ను చంపెదరా?"

"అబ్బే, ఏం కాదు సార్. ఇది వేరే కంపెనీ సీసా. లోపల ఉండేది అదే. రాసిన తీరు వేరు, అంతే" అంది కరుణమ్మ.

"తీరు వేరైన ద్రావణమును నా నరములోనికి ఎట్లు పంపెదరు? సూది తీసివేయుడు."

ఆయన ఎడమ చెయ్యి ట్యూబు మీదికి పోయింది. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు ఇంకా ఎండిపోయే ఉన్నాయి. "ఎవరైనా శాస్త్రము తెలిసినవారు చెప్పుడు. ఈ రెండూ ఒకటేనా?" అని తిలోత్తమ వైపు తిరిగారు.

తిలోత్తమ తలుపు సందులోంచి బయటికి చూసింది. మస్తానమ్మ కవరును ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది. ఇప్పుడు ఒకటే అని చెబితే ఈయనకు అక్షరం మారినా జవాబు మారదని అర్థమవుతుంది, ఫైలు అక్కడే ఆగిపోతుంది. తెలియదంటే ఈ మనిషి సూది పీక్కుంటాడు. ఈయనంటే ఆమెకు అణువంత ప్రేమ లేదు. కానీ అడిగింది మొలారిటీ లాంటి ప్రశ్న. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఒకటే సార్" అంది. "ఆ సీసా మీద వంద మిల్లీలీటర్లకు 0.9 గ్రాములు అని రాశారు. దీని మీద లీటరుకు 9 గ్రాములు అని రాశారు. లీటరులో వందలు పది. అంకె మారింది, ఉప్పు మారలేదు."

"కచ్చితముగానా?"

"కచ్చితంగా."

"ఇంకెవరిని అడిగినను ఇదే చెప్పుదురా?"

"ఎవరిని అడిగినా ఇదే చెబుతారు సార్."

ఆయనకు నమ్మకం చాల్లేదు. డ్యూటీ డాక్టరును పిలిపించి అడిగారు. ఒకటే అన్నాడు. మందుల గదిలో ఫార్మసిస్టును పిలిపించారు. ఒకటే అన్నాడు. ఒకరిది ఒకరు వినకుండా విడివిడిగా అడిగారు. ఒకే జవాబు వస్తున్నకొద్దీ ఆయన మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. చివరికి దిండు మీద వాలి, "అందరును ఒకటే చెప్పుచున్నారు కనుక ఇక సందేహము లేదు" అని నిట్టూర్చారు. కొత్త సీసాలోంచి చుక్కలు పడటం మొదలైంది.

కాసేపటికి ఆయన చెయ్యి మళ్లీ ఫైలు మీదికి పోయింది. ఒకటి బై ఐదు దగ్గర ఆగింది. రెండు వందల మిల్లీ దగ్గర ఆగింది. తలెత్తి సీసా చూశారు, మళ్లీ ఫైలు చూశారు, చివరికి తిలోత్తమను చూశారు.

"అయినచో ఇవి కూడా..."

"అవును సార్. అవి కూడా ఒకటే."

హజరత్తయ్య గోడ పట్టుకున్నాడు. నిత్యకల్యాణరావు గారు చాలాసేపు చుక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ ఉండిపోయారు. మంత్రిగారి ప్రసంగం అప్పటికే అచ్చులో ఉందన్న సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది. ఎడమ చెయ్యి చాచి పెన్ను అడిగారు.

"మీరు గమనించవలసినది ఏమనగా, నా శరీరము వైద్య శాఖ పరిధిలోనిది. ఈ ఫైలు మండలి పరిధిలోనిది. ఒక శాఖలో ఒకటైనవి వేరొక శాఖలో ఒకటి కానవసరము లేదు. రాసిన తీరు వేరని సిస్టరు గారే అన్నారు కదా" అని ఎడమ చేత్తో వంకర టింకరగా సంతకం పెట్టారు. ఫలితాలు ఆ రాత్రికే నెట్లో వచ్చాయి. మస్తానమ్మ మెమో ప్రింటు తీయించుకొని అప్పుడే బస్సెక్కింది. ఇరవై రెండో తేదీ పొద్దున్నే మెమో చూపించి కాలేజీలో చేరింది.

తిలోత్తమ కాంట్రాక్టు మాత్రం జూన్‌లో పొడిగించలేదు. మండలి పిల్లలందరి చేతా లెక్చరర్ల మీద అభిప్రాయాలు రాయించింది. ముప్పై ఎనిమిది మందీ "మేడం బాగా చెబుతారు" అని రాశారు. మిషను దాన్ని నాలుగో వంతు పరిమితికి మించిన సారూప్యంగా గుర్తించింది. ఆమెకు ముందున్న పదేళ్ల లెక్చరరు గారి మీద ఎన్నో రకాల అభిప్రాయాలు వచ్చి ఉండటం వల్ల ఆయన్ని మళ్లీ పిలిచారు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో ట్యూషన్ పిల్లల కోసం చాప పరుస్తుంటే మస్తానమ్మ ఫోన్ చేసింది. హాస్టల్ గురించి, కూర గురించి, తెల్ల బట్టలు ఉతకడం గురించి చెప్పి, గొంతు తగ్గించింది.

"మేడం, మొదటి క్లాసులో సెలైన్ ఎంత అని అడిగారు. అందరం ఒకేసారి 0.9 అన్నాం. అన్నాక నాకు గుండె ఝల్లుమంది. లేచి తలుపు కాడికి చూశా."

"ఎవరన్నా వచ్చారా?"

"ఎవురూ రాలా మేడం. మా మేడం 'కరెక్టు, కూర్చో' అని పాఠంలోకి పోయింది. ఇంకేమీ అడగలా."

తిలోత్తమ చాప మీద కూర్చుంది.

"ఏమందో మళ్లీ ఒకసారి చెప్పమ్మా" అంది.